మీ ప్రశ్న – మా సమాధానం: దూరం కొలిచే యంత్రం కొనేముందు

కాటన్‌పేటలో జౌళి వ్యాపారం చేస్తున్న మన సంఘ సభ్యులొకరు ఈసారి ఒక కొత్త ప్రశ్న పంపారు. “మా అబ్బాయి రైఫిల్ షూటింగ్ నేర్చుకుంటున్నాడు. దూరం కొలిచే లేజర్ యంత్రం, అదేదో రేంజ్‌ఫైండర్ అట, కావాలంటున్నాడు. అమెరికాలో ఉన్న మా బావమరిది వచ్చేటప్పుడు తెస్తానంటున్నాడు. ఏది తెమ్మనమంటారు?” అని వారి ప్రశ్న. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు అమ్మాయి ఈశా సింగ్ 4 పతకాలు తెచ్చాక పిల్లలు ఈ క్రీడపై మక్కువ చూపడం సహజమే. కనుక జవాబు అందరికీ పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందు అబ్బాయి ఏ పోటీకి తయారవుతున్నాడో కనుక్కోండి. ఒలింపిక్స్‌లో రైఫిల్, పిస్టల్ పోటీల దూరాలు 10, 25, 50 మీటర్లే. ప్రపంచ ఛాంపియన్‌షిప్పుల్లో 300 మీటర్ల పోటీ కూడా ఉంది. వీటన్నిటిలోనూ గురి ఎంత దూరంలో ఉండాలో ముందే కొలిచి పెడతారు. గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. అక్కడ దూరం కొలిచే యంత్రంతో పనేలేదు. మీ అబ్బాయిది ఇదే దారి అయితే ఆ డబ్బును శిక్షణకు, సరిపోయే జాకెట్టుకు, సాధనకు కావలసిన పెల్లెట్లకు ఖర్చు పెట్టండి. అదే లాభం.

మరి ఇది ఎవరికి కావాలి? గురి ఎంత దూరంలో ఉందో చెప్పకుండా బయలులో పెట్టే పోటీలు విదేశాల్లో ఉన్నాయి. అక్కడ అనుమతితో వేటాడేవారూ ఉన్నారు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో వేట నిషేధమైంది. కాబట్టి కిందివి ముఖ్యంగా విదేశాల్లో ఉన్న మన బంధువులకు పనికొచ్చే మాటలు.

తూటా తిన్నగా పోతుందనుకుంటాం గాని, తుపాకి గొట్టం వదిలిన క్షణం నుంచీ అది కిందికి జారుతూనే ఉంటుంది. 300 మీటర్ల దగ్గర దూరాన్ని 20 మీటర్లు తప్పుగా అంచనా వేస్తే, మామూలు పెద్ద రైఫిల్ తూటా మూడు నాలుగు వేళ్ళ వెడల్పు పక్కకు పోతుంది, అంటే పైకో కిందికో. అదే తప్పు 900 మీటర్ల దగ్గర చేస్తే తేడా దాదాపు ఒక అడుగు. దూరం పెరిగేకొద్దీ చిన్న తప్పుకు పెద్ద శిక్ష పడుతుందన్నమాట.

పాత పద్ధతిలో స్కోపులోని చుక్కలతో దూరం లెక్కకడతారు. మీటరున్నర ఎత్తున్న గుంజ 3 మిల్లుల ఎత్తు కనిపిస్తే అది 500 మీటర్ల దూరంలో ఉన్నట్టు. కాని కన్ను 3కు బదులు 3.2 అని చూసిందంటే లెక్క 469 మీటర్లకు దిగిపోతుంది. అందుకే లేజర్ వచ్చింది. కాంతి వెళ్ళి తిరిగి రావడానికి పట్టే సమయాన్ని యంత్రం కొలుస్తుంది. ఒక మీటరు తేడా పట్టాలంటే సెకండులో 15 కోట్లవ వంతును గుర్తించాలి!

ఈ కొలతల విద్య మన నేలకు కొత్త కాదు. భారత త్రికోణమితి సర్వేలో భాగంగా కల్నల్ లాంబ్టన్ బృందం 1804లో బెంగళూరు దగ్గర ఒక ఆధార రేఖను గొలుసుతో కొలిచింది. మద్రాసు వైపు నుంచి త్రికోణాలతో కట్టుకుంటూ వచ్చిన లెక్కకు, ఈ కొలతకు తేడా కొన్ని అంగుళాలే. ఇక మన బందరులో 1926లో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసి, సైన్యానికి చీకట్లో చూసే పరికరాల వంటివి తయారుచేస్తోంది.

కొనేవారు గమనించవలసినవి ఇవి:

మొదటిది, డబ్బామీద రాసిన గరిష్ఠ దూరాన్ని నమ్మవద్దు. అది అద్దంలా మెరిసే పలకకు. చెట్టుకో జంతువుకో అందులో సగమే రావచ్చు, కొన్నిసార్లు అదీ రాదు. మండే ఎండలో, మంచులో ఇంకా తగ్గుతుంది. మీకు 600 మీటర్లు కావాలంటే దానికి రెట్టింపు రాసి ఉన్నది చూడండి.

రెండవది, కిరణం ఎంత వెడల్పుగా విచ్చుకుంటుందో అడగండి. 1 మిల్లీరేడియన్ విచ్చుకునే కిరణం 1000 మీటర్ల దగ్గర మీటరు వెడల్పు అవుతుంది. గురి చిన్నదైతే వెనకున్న కొండ దూరాన్ని చూపించి మోసగించవచ్చు.

మూడవది, ఎత్తుపల్లాల లెక్క ఉన్న యంత్రం మేలు. 30 డిగ్రీల వాలులో 600 మీటర్లు కనిపించినా, సరిచేసుకోవలసిన దూరం సుమారు 520 మీటర్లే.

నాలుగవది, మన జౌళివారికి బాగా తెలిసిన సంగతి: గజమూ మీటరూ ఒకటి కావు. 1000 గజాలంటే 914 మీటర్లు. యంత్రంలో మీట ఒకటి మారితే 86 మీటర్లు తప్పు! కొన్న రోజే కొలమానం ఎలా మార్చాలో తెలుసుకోండి. ముందే టేపుతో కొలిచిన 100 మీటర్ల మైదానంలో సరిచూసుకోండి.

చివరిగా, కంటికి హాని చేయని మొదటి తరగతి లేజరేనా అని చూడండి. అయినా సరే, మనుషుల కళ్ళవైపు, విమానాలవైపు గురిపెట్టనివ్వకండి. బయటినుంచి తెప్పించేవారు కస్టమ్స్ నిబంధనలు ముందే విచారించుకోవాలి. తుపాకుల విషయంలో 1959 నాటి ఆయుధాల చట్టాన్ని, క్లబ్బు నియమాలను తప్పక పాటించాలి.

యంత్రం దూరాన్నే చెబుతుంది. గాలి ఎటు వీస్తోందో చెప్పదు, గురి వెనుక ఏముందో చెప్పదు. వెనుక మట్టిగట్టు లేనిచోట ఎంత ఖచ్చితమైన కొలతైనా ప్రమాదమే. పిల్లలకు ఈ మాట ముందుగా నేర్పండి, తరువాతే పరికరాల సంగతి. మీ సందేహాలు వచ్చే సంచికకు పంపగలరు.