ఒక్కసారి చేస్తే చాలు
తలసీమియా పిల్లలకు రెండు, మూడు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. ఒంట్లో దాతల కణాలు కలిసిపోయాక, గాజు పలక మీద చుక్కలు వేసి చూసే మామూలు రక్త గ్రూపు పరీక్ష తికమకపడుతుంది. డీఎన్‌ఏ పరీక్ష మాత్రం పిల్లవాడి సొంత గ్రూపునే చెబుతుంది. ఏ, బీ, ఓలు కలిస్తే సరిపోదు. కెల్, డఫీ, కిడ్ గ్రూపులు కుదరకపోతే శరీరం వాటిపై యాంటీబాడీలు తయారుచేసుకోవచ్చు. ఆ తర్వాత సరిపడే యూనిట్ దొరకడం గగనమే. ఇంగ్లండ్ 2024 జనవరిలో తలసీమియా, సికిల్ సెల్ రోగులకు ఈ జన్యు పరీక్షను అందుబాటులోకి తెచ్చింది. మరి మన పాడేరు, ఉట్నూరు గిరిజన ఏజెన్సీల్లోని ఇలాంటి రోగుల మాటేమిటి? ఖరీదు ఎక్కువే, కాదనం. కానీ పుట్టుకతో వచ్చిన జన్యువులు మారవు, పదే పదే చేయించే పని లేదు. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ పంచుతున్న కార్డుల్లోనే ఈ వివరాలూ చేర్చవచ్చు. రక్తం ఎక్కించే ముందు దాత, రోగి రక్తాలను కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ మాత్రం ఎలాగూ తప్పదు.