చిత్రము పొడుపుకథ కాదు

సంకేతములతో నిండిన చిత్రము కనబడగానే “దీని అర్థమేమి?” అని అడుగుట చదువుకొన్నవారి కలవాటైనది. అర్థము చెప్పినంతనే తృప్తిపడి పుట త్రిప్పుదురు. ఇది చిత్రమును చూచుట కాదు, చూడకుండ తప్పించుకొనుట యని నా అభియోగము.

జర్మనీలోని న్యూరెంబర్గు వాసియగు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1514లో రాగిరేకుపై చెక్కిన “మెలెంకోలియా” అను చిత్రమునే తీసికొందము. ఎత్తు సుమారు 24 సెంటీమీటర్లు మాత్రమే. ఱెక్కలుగల స్త్రీ యొకతె చెంప చేతికానించి కూర్చున్నది. ఆమె చుట్టును త్రాసు, ఇసుక గడియారము, గంట, రంపము, నిద్రించు కుక్క. గోడపై పదునాఱు గడుల చదరము. అడ్డముగా గాని నిలువుగా గాని ఏ వరుస కూడినను 34 వచ్చును. అడుగు వరుస నడుమనున్న 15, 14 అంకెలు చెక్కిన సంవత్సరమును తెలుపును. జీవితమంతయు అంకెలు కూడిన గుమాస్తాను గనుక నేనును మొదట ఆ గడులనే కూడితిని. లెక్క సరిపోయినది గాని చిత్రము నాకు దక్కలేదు.

పిమ్మట గీతను చూచితిని. ఈ విద్యలో బూడిదరంగు లేదు. ఉలి చెక్కిన చాలులో నిలిచిన సిరా నల్లని గీతగా అచ్చుపడును. చెక్కని చోట కాగితపు తెలుపే మిగులును. గీతలు దట్టమైనచోట నీడ. శిల్పి చేయి ఆపినచోట వెలుగు. ఆ స్త్రీ మోకాళ్లపై వస్త్రపు మడతలు వెలుగును పట్టుచున్నవి; ముఖము మాత్రము గీతలు క్రమ్మి చీకటియైనది. ఆ చీకటిలో కన్నుల తెలుపు మెఱయుచున్నది.

ఇక కూర్పు. కుడివైపున గోడయు పనిముట్లును క్రిక్కిఱిసి యున్నవి. ఎడమ పైభాగమున సముద్రము, ఇంద్రధనుస్సు, కిరణములు చిమ్ము తోకచుక్క. ఆమె ఇఱుకైన వైపుననే కూర్చున్నది. ఱెక్కలున్నవి, విప్పుటకు చోటు లేదు. ఈ సంగతి నాకు ఏ వ్యాఖ్యయు చెప్పలేదు, కూర్పే చెప్పినది.

“నల్లపిత్తము హెచ్చినవారికి విషాదము కలుగునని పూర్వపు ఐరోపా వైద్యులు నమ్మిరి. అది తెలియక ఈ చిత్రమెట్లు బోధపడును?” అని కొంద ఱాక్షేపింతురు. తెలిసికొనవలసినదే. కాని ఆ నమ్మకము ఆ కాలమున చదువుకొన్న వారెందఱికో తెలియును. దానిని ఈ ముఖముపై ఈ నీడగా నిలిపినది డ్యూరర్ చేయి. దానిని చూడనివారికి వైద్యము తెలియును గాని విషాదము తెలియదు.

పరభాషల నడుమ పిల్లలకు తెలుగు నేర్పు మనము సరిగా ఈ తప్పే చేయుచున్నాము. పద్యము చేతికిచ్చి, ప్రతిపదార్థము వల్లింపించి, తాత్పర్యము వ్రాయించి, వచ్చినదనుకొందుము. పద్యపు నడక చెవిని పడకమునుపే పుస్తకము మూయింతుము. రేపు వారు తెలుగును విడిచినచో ఆ తప్పు వారిది కాదు. ముందు చూడనిండు, విననిండు. అర్థము పిమ్మట వారే అడుగుదురు.