చింతపల్లి లైట్‌హౌస్‌ను కొలిచి దాచుకుందాం

పూసపాటిరేగ, భోగాపురం, భీమిలి తీర ప్రజలకు, ఉపాధ్యాయులకు, విద్యార్థులకు, ఫొటోగ్రాఫర్లకు, చేతిపని వారికి విజ్ఞప్తి



విజయనగరం జిల్లా పూసపాటిరేగ మండలం చింతపల్లిలో కొండ మీదున్న లైట్‌హౌస్ మనలో చాలామంది చూసిందే. పాత గెజిటీర్లు ఈ ఊరిని సాంటపిల్లి అని రాశాయి. 1847లో ఇక్కడ దీపం పెట్టారు. భీమునిపట్నం రేవుకు వచ్చే ఓడలు దారిలో నీటి కింద పొంచి ఉన్న సాంటపిల్లి రాళ్లకు తగిలి పగిలిపోకుండా హెచ్చరించడమే దాని పని.

ఆనాటి భీమిలి చిన్న రేవు కాదు. గోగునార, నువ్వులు, కరక్కాయ ఇక్కడి నుంచే ఓడలెక్కేవి. ఓడలు ఒడ్డుకు రాలేవు. లోతు నీళ్లలో లంగరు వేసుకుని ఆగితే, కొబ్బరి తాళ్లతో పలకలు కుట్టిన మసూలా పడవలు అలల మీదుగా సరుకు మోసేవి. 1933లో విశాఖ హార్బరు తెరుచుకున్నాక భీమిలి వ్యాపారం తగ్గిపోయింది. రేవు పోయింది గానీ రాళ్లు ఎక్కడికీ పోలేదు, వాటి పైన కాపలా కాసే కొండ కూడా అక్కడే ఉంది.

మరి ఈ కథ మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? లైట్‌హౌస్ ముందు దిగిన సెల్ఫీలు ప్రతి ఫోన్‌లోనూ ఉంటాయి. వాటిలో మొహాలు కనిపిస్తాయి తప్ప కట్టడం కనిపించదు. రేపు తుపానులో ఒక పక్క దెబ్బతింటే, దాన్ని మళ్లీ ఉన్నట్టుగా నిలబెట్టడానికి ఆ సెల్ఫీలు అక్కరకు రావు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఒక్క పూటలో ఏం చేసిందో ఈ తీరానికి వేరే చెప్పాలా?

అందుకే మేం అడుగుతున్నది రెండే రెండు. ఈ లైట్‌హౌస్‌ను కొలతలు తెలిసేలా పద్ధతిగా ఫొటోలు తీయాలి. ఆ కొలతలతో నమూనా తయారుచేసి జనం మధ్య పెట్టాలి.

ఫొటో అంటే అందం ఒక్కటే కాదు. నలుపు తెలుపు గీతలు వేసిన మీటరు కర్రను గోడకు ఆనించి తీసిన ఫొటో కొలత చెబుతుంది. ఉదయం, సాయంత్రం ఏటవాలు ఎండలో తీస్తే మిట్టమధ్యాహ్నం కనిపించని పగుళ్లు, అతుకులు, ఊడిన గచ్చు బయటపడతాయి. కట్టడం చుట్టూ తిరుగుతూ, ఒక్కో ఫొటోలో సగానికి పైగా ముందు ఫొటోలోని భాగమే వచ్చేలా తీసుకుంటూ పోతే, కంప్యూటర్ వాటన్నిటినీ కలిపి కొలతలతో సహా త్రీడీ రూపం ఇస్తుంది. దీనికి ఈ రోజుల్లో మామూలు ఫోన్ కెమెరా చాలు. ఏటా అదే చోట, అదే కోణంలో మళ్లీ తీస్తే, సముద్రపు గాలి ఎక్కడ కొరుకుతోందో పక్కపక్కన పెట్టి చూపించవచ్చు.

ఇక నమూనా. కట్టడం ఒక్కదాన్నే బొమ్మ చేస్తే అది షోకేసులోకే పోతుంది. కొండ, ఒడ్డు, సముద్రంలోని రాళ్లు, భీమిలి దారి కూడా ఉండాలి. ఒకటికి పదివేల స్కేలు తీసుకుంటే 10 కిలోమీటర్లు ఒక మీటరులోకి వస్తాయి. బల్ల మీద రాళ్లను, కొండను ఒకేసారి చూసిన పిల్లవాడికి దీపం అక్కడే ఎందుకు పెట్టారో ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. లెక్కల మాస్టార్లకూ ఇందులో పాఠం ఉంది. 10 మీటర్ల ఎత్తు నుంచి చూస్తే సముద్రం మీద కనుచూపు 11 కిలోమీటర్ల దాకా పోతుంది. 40 మీటర్ల ఎత్తుకు వెళ్తే 22 కిలోమీటర్లు దాటుతుంది. ఎత్తు నాలుగింతలైతే దూరం రెండింతలే. కట్టడాన్ని విడిగా ఒకటికి యాభై స్కేలులో చేసి, పైన చిన్న ఎల్ఈడీ బల్బు పెట్టి, అసలు దీపం ఎన్ని సెకన్లకోసారి మెరుస్తుందో అన్ని సెకన్లకే మెరిసేలా చేయవచ్చు. ఏ లైట్‌హౌస్ మెరుపు లెక్క దానిది. రాత్రిపూట నావికుడు ఏ తీరం దగ్గరున్నాడో తెలుసుకునేది ఆ లెక్కతోనే.

చేసేవాళ్లు ఎవరంటారా? మన చుట్టూనే ఉన్నారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె మీద తిప్పి లక్క పూసే చేతులకు గుండ్రటి కట్టడం కొత్త పనేమీ కాదు. పెద్ద వీణను నిష్పత్తి చెడకుండా చిన్న జ్ఞాపికగా చెక్కే బొబ్బిలి పనివారికి స్కేలు అంటే ఏమిటో ఒకరు నేర్పాలా? కొలతల పటాలు గీయడానికి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ విద్యార్థులున్నారు.

నమూనా విలువ, పాత కట్టడాల విలువ తెలిసినవాళ్లు లోకంలో ముందే ఉన్నారు. ఇంగ్లండ్‌లో ఎడ్డీస్టోన్ రాతి మీద 1759లో లైట్‌హౌస్ పూర్తిచేసిన జాన్ స్మీటన్, రాళ్లు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయో ముందుగా నమూనా చేసి చూసుకున్నాడు. తర్వాత కింది రాయి కోతకు గురైతే, కట్టడం పైభాగాన్ని విప్పి ప్లిమత్ పట్టణంలో మళ్లీ నిలబెట్టారు. మద్రాసు హైకోర్టు ఆవరణలో 1844లో దీపం వెలిగిన రాతి స్తంభం, 1894లో ఆ పని హైకోర్టు గోపురానికి మారినా, నేటికీ నిలిచే ఉంది.

రోడ్లకే డబ్బు లేదు, బొమ్మలెందుకని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ దీనికయ్యే ఖర్చు రోడ్డు పద్దులోది కాదు. ఒక బడి సైన్స్ ప్రదర్శనకు పెట్టే కర్ర, అట్ట, రంగు, బల్బు ఖర్చు లాంటిదే. మెట్లు ఎక్కలేని ముసలివాళ్లూ, చూపు లేనివాళ్లూ లైట్‌హౌస్‌ను చేత్తో తడిమి తెలుసుకునే మార్గం నమూనా ఒక్కటే.

చట్టం కూడా మన వైపే ఉంది. 2021 నాటి మెరైన్ ఎయిడ్స్ టు నావిగేషన్ చట్టం, కేంద్రం లైట్‌హౌస్‌లను వారసత్వ కట్టడాలుగా గుర్తించి విద్య, సంస్కృతి, పర్యాటకం కోసం అభివృద్ధి చేయవచ్చని చెబుతోంది. 2024 ఫిబ్రవరిలో 75 లైట్‌హౌస్‌లలో పర్యాటక వసతులను జాతికి అంకితం చేశారు. కానీ పార్కు, బెంచీలు వచ్చినంత మాత్రాన చరిత్ర తెలియదు.

ఆ రెండూ జరగడానికి మా కోరికలు:

1. లైట్‌హౌస్‌ల శాఖ ఏడాదికోసారి విద్యార్థులకు, ఫొటోగ్రాఫర్లకు లోపలా బయటా కొలతలతో ఫొటోలు తీసుకునే అనుమతి ఇవ్వాలి.

2. కట్టడం, అద్దాలు, దీపం ఏయే కాలాల్లో ఎలా మారాయో తెలిపే పాత పటాలు, రికార్డుల నకళ్లు ప్రజలకు అందుబాటులో పెట్టాలి.

3. రాళ్లతో సహా తీరం నమూనాను ఒకటి చింతపల్లి బడిలో, ఒకటి విజయనగరంలో, ఒకటి భీమిలిలో ఉంచాలి. కింద వివరాలు తెలుగులో రాయాలి.

4. ఏటా సెప్టెంబరు 21న, లైట్‌హౌస్ దినం నాడు, ఆ ఏటి ఫొటోల ప్రదర్శన పెట్టాలి.

మీ నుంచి కోరేది కూడా ఉంది. ఇంట్లో పాత ఆల్బమ్ తిరగేయండి. పిక్నిక్‌దో, పెళ్లిదో, ఏ ఫొటోలోనైనా వెనక లైట్‌హౌస్ కనిపిస్తే ఆ ఫొటో వెనకవైపు తీసిన సంవత్సరం, తీసిన చోటు పెన్సిల్‌తో రాయండి. నకలు తీసి ఊరి బడికి ఇవ్వండి. సముద్రంలో ఆ రాళ్లు ఎక్కడున్నాయో తెలిసిన చేపల వేటగాళ్లు నమూనా చేసే పిల్లలతో ఒక పూట కూర్చోండి. ప్రభుత్వం కదిలే లోపు మనం మొదలుపెట్టగలిగిన పని ఇది. వచ్చే తుపాను కాలం రాకముందే మొదలుపెడదాం, రండి!