అభ్యంతరం లేదన్నదెవరు?

సెర్చ్ ఇంజన్లు మన వెదుకులాటల చిట్టా రాసిపెట్టుకోవడం జనానికి అభ్యంతరమా, కాదా అన్న ప్రశ్న ఈ మధ్య మన మిత్రుల గోష్ఠుల్లో తరచు వినిపిస్తోంది. వినిపించడం మంచిదే. దానికి వస్తున్న జవాబు మాత్రం మంచిది కాదు. "జనానికేం అభ్యంతరం? రోజుకు పదిసార్లు గూగుల్ తెరుస్తూనే వున్నారుగా!" అని కొందరు తేల్చేస్తున్నారు. ప్రకటనల వ్యాపారులు ఈ మాట అంటే పేచీ లేదు. అది వాళ్ళ వృత్తి ధర్మం. అభ్యుదయవాదులమని చెప్పుకునేవాళ్ళు కూడా అదే పాట పాడుతున్నారు గనుకనే ఈ నాలుగు మాటలు రాయవలసి వచ్చింది.

ముందు వాస్తవాలు చూద్దాం. అమెరికాలోని ప్యూ పరిశోధన సంస్థ 2012లో జనాన్ని సరిగ్గా ఈ ప్రశ్నే అడిగింది. సెర్చ్ ఇంజన్లు వాడేవారిలో నూటికి 73 మంది, ఫలితాలను తమకు తగ్గట్టు మలిచి ఇవ్వడం కోసమైనా సరే, తమ వెదుకులాటల జాడ తీయడానికి ఒప్పుకోమన్నారు. అది తమ ఆంతరంగిక జీవితంలోకి చొరబడటమేనన్నారు. అదే సర్వేలో, ఎక్కువగా ఏ ఇంజను వాడతారని అడిగితే 83 మంది గూగుల్ పేరే చెప్పారు. వెబ్‌సైట్లు తమ గురించి సేకరించే సమాచారాన్ని పరిమితం చేసే మార్గాలు తెలుసునన్నవారు 38 మందే.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి మన మిత్రులు నవ్వుతారు. నోటితో కాదంటారు, చేత్తో అవునంటారు, జనం కపటులు అంటారు! ఈ తర్కం మనకు కొత్తది కాదు. కామందు రాయించిన కాగితం మీద కౌలుదారు వేలిముద్ర వేశాడు కాబట్టి ఆ షరతులు అతనికి ఇష్టమేనని కోర్టుల్లో వాదించిన ప్లీడర్లు వుండేవారు. వేలిముద్ర వేయకపోతే ఆ యేడు అతనికి పొలం లేదన్న సంగతి ఆ ప్లీడర్లకు తెలియక కాదు. ఈనాడు పరీక్ష ఫలితం చూసుకోవాలన్నా, మందు పేరు తెలుసుకోవాలన్నా, ఉద్యోగ ప్రకటన వెదకాలన్నా అదే గుమ్మం తొక్కాలి. గుమ్మం దగ్గర చదవడానికి వీలులేనంత పొడుగు షరతులుంటాయి. "అంగీకరిస్తున్నాను" అన్న బొత్తాము వుంటుంది. దాన్ని నొక్కిన మనిషి అంగీకరించాడా? అవసరపడ్డాడు, అంతే. అవసరాన్ని అంగీకారంగా లెక్కకట్టడం దోపిడీదారుల పాత గణితం.

ఇంకో గుమ్మం లేదా అంటారా? 2024 ఆగస్టులో వాషింగ్టన్‌లో న్యాయమూర్తి అమిత్ మెహతా తీర్పు చెప్పాడు: సెర్చ్ రంగంలో గూగుల్ గుత్తాధిపత్యం చట్టవిరుద్ధంగా నిలబెట్టుకున్నది. ఫోన్లలోనూ బ్రౌజర్లలోనూ తన ఇంజనే ముందుగా అమర్చి వుండేందుకు ఆ కంపెనీ 2021 ఒక్క సంవత్సరంలో 2,600 కోట్ల డాలర్లకు పైగా చెల్లించిందని ఆ విచారణలోనే బయటపడింది. జనం నిజంగా మనసారా ఎంచుకునే సరుకే అయితే, దాన్ని వాళ్ళ ముందు నిలిపి వుంచడానికి ఇంత సొమ్ము దేనికి?

చిట్టా లేకపోతే సేవ నాణ్యం తగ్గుతుందన్న వాదం ఒకటుంది. కొంత నిజమే. ఏ మాటలు ఎక్కువమంది వెదుకుతున్నారో తెలిస్తే ఇంజను మెరుగవుతుంది. కాని దానికి ఫలానా మనిషి ఫలానా రాత్రి ఏం వెదికాడో ఆ మనిషి ఖాతాకు ముడిపెట్టి దాచనక్కర లేదు. ఆ ముడి ప్రకటనల అమ్మకానికి పనికివస్తుంది. 2023లో గూగుల్ మాతృసంస్థ ఆదాయం సుమారు 30,700 కోట్ల డాలర్లయితే, అందులో 23,700 కోట్లకు పైగా ప్రకటనల మీద వచ్చిందే.

ఇంతకీ ఆ చిట్టాలో ఏముంటుంది? 2006 ఆగస్టులో ఏ.ఓ.ఎల్. కంపెనీ పరిశోధకుల కోసమంటూ సుమారు ఆరున్నర లక్షలమంది మూడు నెలల్లో చేసిన రెండు కోట్ల వెదుకులాటలను లోకం మీద పడేసింది. పేర్లు తీసేసి అంకెలు వేశాం గనుక భయం లేదన్నది. కొద్ది రోజుల్లోనే న్యూయార్క్ టైమ్స్ విలేఖరులు ఒక అంకె వెనక వున్న వృద్ధురాలి ఇంటి తలుపు తట్టారు. ఎవరూ ఆమెను పట్టివ్వలేదు. ఆమె వెదికిన మాటలే పట్టిచ్చాయి. ఆ మాటల్లో రకరకాల జబ్బుల పేర్లున్నాయి. చిట్టా చదివినవాడు ఆమె మహారోగి అనుకుంటాడు. ఆమె తన స్నేహితుల జబ్బుల గురించి కూడా వెదికేది! చిట్టా మనిషిని బయటపెట్టడమే కాదు, మనిషి మీద అబద్ధం కూడా చెబుతుంది. కంపెనీ క్షమాపణ చెప్పి ఆ దస్త్రాన్ని తీసేసింది. అప్పటికే దాని నకళ్ళు ఎక్కడెక్కడికో చేరాయి.

2009లో గూగుల్ అధిపతి ఎరిక్ ష్మిట్, ఎవరికీ తెలియకూడదనుకునే పని అసలు చేయకుండా వుండడమే మేలన్న ధోరణిలో హితవు చెప్పాడు. ఆయన ఆ మాట అనడంలో వింత లేదు. వింతల్లా మన మిత్రులదే. ఆంతరంగికత బూర్జువా వ్యక్తివాదమనీ, కష్టజీవికి దాచుకోవలసిందేమీ లేదనీ వీరు సిద్ధాంతం చేస్తున్నారు. చరిత్ర మరిచిపోతే గాని ఈ మాట రాదు. 1930 నాటి నిజాం రాజ్యంలో సభ జరుపుకోవాలంటే గస్తీ నిషాన్ 53 ప్రకారం సర్కారు అనుమతి కావాలి. ఎవడు ఎక్కడ ఏం మాట్లాడతాడో ముందే తెలుసుకోవాలన్న ఆరాటం పాలకులది. సంఘం పెట్టుకోబోయే కూలీ ముందుగా చట్టం ఏమంటుందో వెదుకుతాడు. భర్త చేతిలో దెబ్బలు తిన్న స్త్రీ ఎవరికీ చెప్పకముందు సెర్చ్ పెట్టెలో అడుగుతుంది. సందేహం ఇంకా నిర్ణయం కాదు. ఆ దశలోనే దాన్ని రాసిపెట్టుకునే హక్కు ఎవరికిచ్చాం?

ఈ "పేదవాడికి ఆంతరంగికత దేనికి" అన్న వాదం సుప్రీంకోర్టులో 2017లో వినిపించింది. వినిపించింది కార్మిక నాయకులు కాదు, కేంద్ర ప్రభుత్వ పక్షం! పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఆంతరంగికత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తీర్పిస్తూ, అది కలవారి విలాసమన్న మాటను కొట్టేశారు. కోర్టు తోసిపుచ్చిన సర్కారు వాదాన్ని ఎత్తుకొచ్చి దానికి ఎర్రరంగు పూస్తే అది విప్లవ సిద్ధాంతమవుతుందా?

నేరస్తులను పట్టడానికి చిట్టా కావాలి కదా అని ఉపాధ్యాయ మిత్రుడొకరు అడిగారు. ఇది గౌరవించవలసిన ప్రశ్న. 2020లో డెన్వర్‌లో ఒక ఇంటికి నిప్పుపెట్టి సెనెగల్ నుంచి వలసవచ్చిన కుటుంబానికి చెందిన ఐదుగురిని చంపారు. ఆ చిరునామాను ఎవరెవరు వెదికారో చెప్పమని పోలీసులు గూగుల్‌ను అడిగి నిందితులను పట్టుకున్నారు. దుర్మార్గులు దొరికారు, సంతోషం. కాని ఆ జవాబు చెప్పడానికి ఏ పాపం ఎరగని కోట్లాదిమంది చిట్టా గాలించక తప్పదు. 2023లో కొలరాడో సుప్రీంకోర్టు ఆ సాక్ష్యాన్ని అనుమతించింది. అనుమతిస్తూనే, వెదుకులాటల చరిత్ర మీద మనిషికి ఆంతరంగికత హక్కు వుందని కూడా చెప్పింది. ఈసారి అడిగినది హంతకుల చిరునామా కోసం. రేపు సమ్మె కరపత్రం వెదికినవారి జాబితా అడిగితే ఇవ్వకుండా ఆపే గోడ ఎక్కడుంది?

మన దేశంలో ఆ గోడ అని చూపిస్తున్నది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. కంపెనీల మీద అది కొన్ని బాధ్యతలు పెట్టింది, కాదనను. కాని తనకిష్టమైన ప్రభుత్వ సంస్థలను దేశభద్రత, శాంతిభద్రతల పేరిట ఒక నోటిఫికేషన్‌తో చట్టం పరిధినుంచే తప్పించే అధికారాన్ని కేంద్రం తన దగ్గర వుంచుకున్నది. అదే చట్టంలోని 44వ సెక్షన్ సమాచార హక్కు చట్టాన్ని సవరించి, "వ్యక్తిగత సమాచారం" అన్న ముద్రతో అధికారులు జవాబు ఎగవేసే దారిని వెడల్పు చేసింది. అంటే అధికారి ఆస్తి గురించి పౌరుడు అడిగితే అది ఆంతరంగికం. పౌరుడు అర్ధరాత్రి ఏం వెదికాడో సర్కారు అడిగితే అది దేశభద్రత. జనానికి అభ్యంతరం లేదని తేల్చిన మిత్రులు ఈ సెక్షన్లు రెండూ చదివి, తరువాత గోష్ఠిలో వాటి మీద మాట్లాడాలని నా కోరిక.