కళకు ముడిసరుకు

పాఠశాలలలో ఏటేట జరుగు చేతిపనుల ప్రదర్శనలకు వెళ్లినవారికి ఒక దృశ్యము సుపరిచితము. బల్లలపై థర్మోకోల్ దేవాలయములు, రంగు కాగితముల చార్‌మినార్లు, మెరుపుపొడి చల్లిన తాజ్‌మహళ్లు వరుసగా కొలువుతీరి యుండును. అన్నియు అంగడిసరుకే. పెక్కింటిలో తల్లిదండ్రుల చేయియే కనిపించును. కొన్ని యేండ్ల క్రిందట అట్టి ప్రదర్శన యొకదానికి న్యాయనిర్ణేతగా వెళ్లిన ఈ వ్యాసకర్త ప్రథమ బహుమతిని ఒక థర్మోకోల్ కోటకు ఇచ్చెను. బల్ల చివర ఒక బాలుడు జొన్నబెండ్లతో కట్టిన ఎడ్లబండిని ఉంచియుండెను. దానికి జిగురు లేదు, మేకు లేదు. జొన్నదంటు పైతొక్కను చీల్చి చేసిన పుల్లలే మేకులు. లోపలి బెండే కలప. ఇరుసు చక్కగా తిరుగుచుండెను. చేనిలో ఊరక దొరకు వస్తువుతో చేసినది గనుక అది బహుమతికి తగదని నాడు తోచినది. ఆ తీర్పు తప్పని నేడు ఒప్పుకొనక తప్పదు. ఆ తప్పు ఒక్క న్యాయనిర్ణేతది మాత్రమే కాదు గనుకనే ఈ నాలుగు మాటలు.

ఉత్తమ కళకు ఉత్తమ ద్రవ్యము కావలెనను నమ్మకము మనలో లోతుగా నాటుకొన్నది. శిల్పమనగానే పాలరాయియో పంచలోహమో తలపునకు వచ్చును. 1942లో, పారిస్ నగరము జర్మను సైన్యముల యధీనములో నున్న కాలమున, పికాసో ఒక పాత సైకిలు సీటునకు సైకిలు హాండిలును చేర్చి ఎద్దుతలను నిర్మించెను. సీటు ముఖమైనది, హాండిలు కొమ్ములైనది. ఆ రెండు వస్తువులును తమ రూపమును మార్చుకొనలేదు. సైకిలు భాగములని తెలిసియుండగనే ఎద్దు కనిపించును. ఆ రెండు ఎరుకలును ఒక్కసారి కలుగుటయే అందలి యానందము. తెలుగు చదువుకొన్నవారికి ఇది క్రొత్త కాదు. ముఖము ముఖముగ నుండియే చంద్రబింబమగు రూపకాలంకారమును మన విద్యార్థులెల్లరు నెరుగుదురు. పికాసో తోలుతోను ఇనుముతోను రూపకము చెప్పెను.

మన దేశమున ఇంతకంటె విస్తారమైన యుదాహరణము చండీగఢ్‌లో నున్నది. నేక్‌చంద్ సైనీ (1924–2015) చిత్రకళాశాలలో చదివినవాడు కాడు. ప్రజాపనుల శాఖలో రోడ్ల తనిఖీ చేయు చిరుద్యోగి. దేశవిభజనలో ఆయన పుట్టిన ఊరు పాకిస్తానునకు పోయినది. ల కార్బూజియే ప్రణాళిక ననుసరించి చండీగఢ్ నిర్మాణము జరుగుచుండగా, ఆ నగరమునకై పెక్కు పల్లెలు ఖాళీ చేయబడి నేలమట్టమైనవి. వాని శిథిలములలో పడియున్న పగిలిన గాజులను, పింగాణీ పెంకులను, పలకలను నేక్‌చంద్ 1957 ప్రాంతమున ఏరుట కారంభించెను. ఉద్యోగము ముగిసిన పిమ్మట వానిని సైకిలుపై మోసికొనిపోయి, సుఖ్నా సరస్సు చేరువ, కట్టడములు నిషిద్ధమైన ప్రభుత్వపుటడవిలో రాత్రివేళ రహస్యముగా బొమ్మలను చేసెను. 1970వ దశకమున ఆ సంగతి అధికారుల కంటబడినది. చట్టము ప్రకారము కూల్చవలసిన దానిని వారు కూల్చలేదు. 1976లో దానిని రాక్ గార్డెన్ అను పేర ప్రజలకు తెరచి, ఆయనకే దాని నిర్వహణ నప్పగించిరి. 1984లో ఆయనకు పద్మశ్రీ లభించినది.

పగిలిన గాజు మన యిండ్లలో అశుభము. ఆ గాజుముక్కలనే వస్త్రముగా ధరించిన మూర్తులు ఆ తోటలో బారులు తీరి నిలిచియున్నవి. ఆ గాజులు ఏ చేతులు తొడిగినవో, ఆ పళ్లెములలో ఎవరు అన్నము తినిరో మనకు తెలియదు. ఊరు కోల్పోయినవాడు ఊరు కోల్పోయినవారి వస్తువుల నేరి మరియొక ఊరు కట్టెను. ఈ యర్థము ఆ పెంకులలో పలికినట్లు పాలరాతిలో పలుకదు. 2025లో ఆ తోట గోడలో కొంతభాగమును రహదారి విస్తరణకును వాహనములు నిలుపుటకును కూల్చినపుడు నగరవాసులు నిరసించుటలో వింత లేదు.

ఇట్టి కళ మనకు పరాయిదని తలచుట పొరపాటు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు గుడ్డను కరక్కాయ రసమును గేదెపాలును కలిపిన నీటిలో తడిపి యారబెట్టుదురు. చింతబరికెలను కాల్చిన బొగ్గుతో రేఖలు గీయుదురు. తుప్పుపట్టిన యినుపముక్కలను బెల్లపునీటిలో దినములతరబడి పులియబెట్టి ‘కసిమి’ అను సిరా చేయుదురు. ఆ సిరా కరక్కాయ పట్టిన గుడ్డను తాకినపుడు నల్లబడును. పాలలోని క్రొవ్వు దానిని ప్రక్కకు ప్రాకనీయదు. కొండపల్లి పనివారు తెల్లపొణికి కఱ్ఱ పొట్టును చింతగింజల పిండితో కలిపి ముద్దచేసి, ఆ ముద్దతోనే బొమ్మల యవయవములను అతికింతురు. చెక్కగా మిగిలిన పొట్టే అతుకైనది. జొన్నబెండు బండి కట్టిన బాలునకు తెలియకయే అబ్బిన విద్య యిదియే.

అట్లని వింత సామగ్రితో చేసినదెల్ల కళ కాదు. బియ్యపుగింజపై అక్షరములు చెక్కుట, అగ్గిపుల్లలతో గోపురము కట్టుట మెచ్చదగిన నేర్పులే. చూపరి ‘ఎంత కష్టపడెనో!’ అని మాత్రమే యనుకొని సాగిపోయినచో అక్కడ నిలిచినది నేర్పు. ‘ఈ పుల్లలో ఇది యున్నదని నాకు తట్టలేదే!’ అని యనుకొన్నచో కళ యారంభమైనది. సామగ్రిని మార్చినను ఏమియు పోనిచో ఆ వింత వట్టి యార్భాటమే. బహుమతి పొందిన ఆ కోటను థర్మోకోల్‌తో గాక అట్టముక్కలతో కట్టినను ఏమియు పోదు. జొన్నదంటు లేక ఆ బండి లేదు.

కావున ఉపాధ్యాయులు ఒక్క నియమము పెట్టి చూడవచ్చును. ప్రదర్శనకు తెచ్చు వస్తువులో కొన్నదేదియు ఉండరాదు. ఇంటను బడిచుట్టును దొరకినదే ఉండవలెను. నగరమున జొన్నచేలు లేవని యనవచ్చును. నేక్‌చంద్ ఏరినది నగరము పారవేసినదే కదా! మార్కులు వేయుటకు ముందు ‘ఈ వస్తువు నీకేమి నేర్పినది?’ అని విద్యార్థి నడుగవలెను. బెండు ఎటు విరుగునో, తాటాకు ఎండిన పిదప ఎట్లు ముడుచుకొనునో తన చేతితో తెలిసికొన్న పిల్లవాడు జవాబు చెప్పగలడు. అంగడిలో కొని తెచ్చినవాడు చెప్పలేడు. అన్నిటికంటె ముఖ్యముగా, కొనలేని పిల్లవాడు బల్ల చివర నిలువవలసిన గతి తప్పును.

ఆ బాలుడు నేడు యువకుడై యుండును. ఆ సాయంకాలము తన బండిని ఇంటికి తీసికొనిపోయెనో, అక్కడనే విడిచిపోయెనో ఈ వ్యాసకర్త యెరుగడు. ఈ యేటి ప్రదర్శనలో అట్టి బండి మరియొకటి బల్ల చివర కనిపించినచో, న్యాయనిర్ణేతలు ఒక్క నిమిషమాగి దాని చక్రమును వ్రేలితో త్రిప్పి చూతురుగాక!