వెల్స్ కాలజ్ఞాని కాడు

హెచ్.జి. వెల్స్ పేరు ఎత్తితే చాలు, అణుబాంబును ముందే ఊహించాడు, లేజర్‌ను ముందే చెప్పాడు అంటారు. ఆయన్ని బ్రహ్మంగారి పక్కన కూర్చోబెట్టి, చెప్పినవాటిలో ఎన్ని జరిగాయో లెక్క కడతారు. ఈ పొగడ్త వెల్స్‌కు చేసినంత అన్యాయం ఏ విమర్శా చేయలేదు.

అణుబాంబు సంగతే చూడండి. 1914 నాటి 'ది వరల్డ్ సెట్ ఫ్రీ'లో ఆ మాట ఉంది, నిజమే. దాన్ని భౌతిక శాస్త్రవేత్త లియో సిలార్డ్ చదివాడు, అదీ నిజమే. కానీ ఆ ఊహకు మూలం రేడియం మీద ఫ్రెడరిక్ సాడీ రాసిన పుస్తకం. వెల్స్ తన నవలను దానికే అంకితమిచ్చాడు. పైగా ఆయన బాంబులు ఒక్కసారి పేలి ఆగవు, రోజుల తరబడి పేలుతూనే ఉంటాయి. జోస్యంగా సగం తప్పు.

1901లో వచ్చిన 'ది ఫస్ట్ మెన్ ఇన్ ది మూన్' అయితే పూర్తిగా తప్పు. గురుత్వాకర్షణను అడ్డుకునే పదార్థంతో చంద్రుడి మీదికి వెళ్లడం జరిగే పని కాదు. మరి దాన్ని అవతల పారేద్దామా? అక్కడ యంత్రాల పనికి కావలసిన పిల్లల్ని జాడీల్లో బిగించి పెంచుతారు, చేతులు మాత్రమే బయటికి ఉంటాయి. ఆ దృశ్యం కథలో చంద్రుడి మీదికి వెళ్లి చూసినవాణ్ణి వెంటాడుతుంది. అయినా, పిల్లల్ని మనుషులుగా ఎదగనిచ్చి ఆపైన యంత్రాలుగా మార్చే మన పద్ధతికంటే ఇదే దయగలది అనేస్తాడు. ఇది రాసినవాడు చిన్న వయసులోనే బట్టల కొట్లో పనికి కుదిరి, పొద్దస్తమానం చాకిరీ చేసినవాడు. వాళ్లమ్మ అప్‌పార్క్ అనే జమీందారీ భవనంలో నౌకర్ల మీద పెత్తనం చూసేది. ఆ నౌకర్లు నేలమాళిగల్లో, సొరంగాల్లో తిరిగేవాళ్లు. 'ది టైమ్ మెషీన్'లో నేల కింద శ్రమించే మోర్లాక్‌లు, పైన ఆడుకునే ఎలాయ్‌లు ఎక్కణ్ణుంచి వచ్చారో వేరే చెప్పాలా? కథాకాలం 8,02,701వ సంవత్సరం, కథలోని దేశం మాత్రం 1895 నాటి ఇంగ్లండ్.

విక్టోరియా రాణి అరవయ్యేళ్ల పాలనకు లండన్ ఉత్సవాలు చేసుకున్న 1897లోనే 'ది వార్ ఆఫ్ ది వరల్డ్స్' పత్రికలో ధారావాహికగా వచ్చింది. టాస్మానియా ఆదివాసులను ఐరోపావాళ్లు యాభై ఏళ్లలో తుడిచిపెట్టారని గుర్తుచేసి, మన మీద దండెత్తిన అంగారకులను తప్పుపట్టే అర్హత మనకెక్కడిదని వెల్స్ మొదటి అధ్యాయంలోనే నిలదీశాడు. (ఆ జాతి పూర్తిగా అంతరించిందనుకోవడం ఆయన పొరపాటు. వారి వారసులు నేటికీ ఉన్నారు.) అదే సామ్రాజ్యం కింద నలిగిన దేశంలో పుట్టి, ఆ ప్రశ్నను వదిలేసి, అంగారకుల ఉష్ణకిరణం లేజరా కాదా అని వాదించుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

వెల్స్ గురించి రాయబోయే మిత్రులారా, నిజమైన జోస్యాల జాబితా పక్కన పెట్టండి. ముందు ఆ మొదటి అధ్యాయం చదవండి.