కాశీయాత్ర తిరుగుదారిలో కళింగాంధ్ర

తెలుగు యాత్రారచనకు గట్టి పునాది వేసిన పుస్తకం ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన వీరాస్వామయ్య 1830 మే 18న పెద్ద పరివారంతో బయలుదేరి హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీ చేరాడు. గయ, కలకత్తా, పూరీ చూసుకుని గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్నం సీమల గుండా 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. దారి పొడవునా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళైకి రాసిన ఉత్తరాలే ఈ గ్రంథం. రచయిత 1836లో కన్నుమూశాక, 1838లో పిళ్ళై దాన్ని అచ్చు వేయించాడు.

ఈ రచనకు ప్రాణం మజిలీ. పొద్దున్నే బయలుదేరి ఎన్ని కోసులు నడిచారు, దారి రాళ్లదా ఇసుకదా, దిగిన ఊళ్లో బావి ఉందా, అంగళ్లలో బియ్యం, వంటచెరకు దొరుకుతాయా, ఏరు దాటడానికి పడవ ఉందా: ఇవే వివరాలు. క్షేత్ర మహాత్మ్యం చెప్పినచోట కూడా ఊరి ఇళ్లూ, జనం మాటా కళ్లముందుంటాయి. అలంకారం తక్కువ కావడమే ఈ వచనానికి బలం; భక్తి యాత్రను ఇంత లౌకికంగా చెప్పిన తెలుగు పుస్తకం అంతకుముందు లేదు.

తెలుగులో ఇలా మొదలైన యాత్రారచన చైనాలో వందల ఏళ్ల ముందే కుదురుకుంది. 805లో పదవి పోయి యోంగ్‌జౌ చేరిన లియు జోంగ్‌యువాన్ అక్కడి కొండలు, వాగుల వర్ణనలో తన బాధనూ కలిపి ఎనిమిది చిన్న రచనలు చేశాడు. 1170లో కొత్త ఉద్యోగానికి యాంగ్‌ట్సీ నదిపై ఎగువకు పోతూ లు యూ ఏ రోజుకారోజు దినచర్య రాశాడు. షు షియాకె (1587–1641) గుహల్లోకి దిగి చూసి మరీ రాశాడు. వీరాస్వామయ్యకు వీరెవరూ తెలిసి ఉండరు. అయినా ఆయన పద్ధతి లు యూ దినచర్యకు దగ్గర.

వీరాస్వామయ్య తిరుగుదారి సాగిన కళింగానికీ చైనా యాత్రారచనకూ నేరుగా సంబంధం ఉంది. ఏడో శతాబ్దంలో భారతదేశం చూసిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్, 646లో పూర్తయిన తన గ్రంథంలో కళింగపు అడవి ఏనుగుల గురించి చెప్పాడు.

ఈ కళింగ సీమలోనే, పూరీ నుంచి సింహాచలం వెళ్లే యాత్రికుల దారిలో ఉంది శ్రీకూర్మం ఆలయం. అక్కడికి వచ్చినవారు చాలామంది పుస్తకాలు రాయలేదు గానీ పేరు, ఇచ్చిన భూమి, పెట్టించిన అఖండదీపం ఆలయ స్తంభాల మీద చెక్కించారు. 1281 నాటి, మధ్వ యతి నరహరితీర్థుల శాసనం వాటిలో ప్రసిద్ధం. 1941లో దిగవల్లి వేంకట శివరావు వెలువరించిన ‘కాశీయాత్ర చరిత్ర’ కూర్పును చేతపట్టుకుని ఈ శాసనాలను చదివితే, ఇచ్ఛాపురం నుంచి విశాఖ వరకూ ఉన్న తిరుగుదారిపై విడిగా ఒక వ్యాఖ్యాన ప్రతి తేవచ్చు. ఉత్తరాంధ్ర విశ్వవిద్యాలయాల తెలుగు, చరిత్ర శాఖలు కలిసి చేయదగిన పని ఇది.